కోపెన్‌హేగన్ పార్కులు, వాటి వెనకున్న వాన లెక్క

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. హైదరాబాద్‌లో సివిల్ ఇంజనీరింగ్ పూర్తి చేసి డెన్మార్క్‌కి మాస్టర్స్‌కి వస్తున్నారు. కుండపోత వానల్ని తట్టుకోవడానికి కోపెన్‌హేగన్‌లో పార్కుల్లోనే నీళ్ళు నిలబెడుతున్నారని చదివారు. థీసిస్‌కి రెయిన్ గేజ్ (వాన కొలిచే పరికరం) డేటా మీద ఏదైనా చేద్దామనుకుంటే, సీనియర్ ఒకాయన "వాన కొలవడంలో ఏముంది, ఇప్పుడంతా మోడలింగే" అన్నారు, అంటే నీళ్ళు ఎటు పోతాయో కంప్యూటర్‌లో లెక్కగట్టడమే అని. ఏది తీసుకోవాలి?

గేజ్ డేటాయే తీసుకోండి. నేను ఇక్కడ వాననీటి డ్రైనేజీ డిజైన్ పనిలో ఉన్నాను, మోడల్ లేకుండా నాకు పూట గడవదు. అయినా గట్టిగా చెబుతున్నాను. ఏ పార్కు ఎంత లోతు తవ్వాలి, ఎంత ఎత్తున గోడ కట్టాలి అన్నది చివరికి తేలేది వాన రికార్డు దగ్గరే. ఆ రికార్డులో తప్పుంటే మోడల్ ఆ తప్పునే మరింత అందంగా చూపిస్తుంది, అంతే. ఎందుకలా అంటున్నానో కొంచెం వివరంగా చెబుతాను.

అన్నీ 2011 జులై 2 దగ్గర మొదలవుతాయి. శనివారం సాయంత్రం. రెండు మూడు గంటల్లో ఊళ్ళో కొన్నిచోట్ల 150 మి.మీ. దాకా కురిసింది. బొటానికల్ గార్డెన్‌లో ఉన్న గేజ్‌లో ఆ రోజు మొత్తం 135 మి.మీ. నమోదైంది. మనకి ఇది మరీ పెద్ద అంకెలా అనిపించకపోవచ్చు. కానీ డెన్మార్క్‌లో సగటున ఏడాది మొత్తానికి పడేదే 760 మి.మీ. లోపు. అంటే రెండు నెలల వాన ఒక్క సాయంత్రం పడింది. వాననీళ్ళూ మురుగునీళ్ళూ ఒకే పైపులో పోయే పాత డ్రైనేజీ కాబట్టి పైపులు నిండగానే మురుగంతా వెనక్కి తన్ని ఇళ్ళ బేస్‌మెంట్లలోకి ఎక్కింది. వెస్టర్‌బ్రో అనే పేటలో ఇస్టెడ్‌గేడ్ వీధి కాలవైపోయింది. ఉత్తరం వైపు వెళ్ళే హైవే మునిగింది. దేశంలోని పెద్ద ఆసుపత్రుల్లో ఒకటైన రిగ్స్‌హాస్పిటల్‌ని ఖాళీ చేయించాల్సి వస్తుందేమోనని భయపడ్డారు. ఇన్సూరెన్స్ కంపెనీలు చెల్లించింది 500 కోట్ల క్రోనర్ల (ఇక్కడి కరెన్సీ) పైమాటే.

ఆ తర్వాత నగరపాలక సంస్థ ముందు వచ్చిన మొదటి ప్రశ్న: పైపులు పెద్దవి చేద్దామా? లెక్క వేసి చూశారు. అంత వాన మొత్తం పట్టేలా ఊరంతా తవ్వి పైపులు మార్చడం కంటే, కొంత నీటిని నేల మీదే నడిపించి, ముందే ఎంచుకున్న చోట్ల కాసేపు ఆపి, తర్వాత మెల్లగా వదిలేయడం చవక. 2012లో వచ్చిన క్లౌడ్‌బరస్ట్ ప్లాన్ (కుండపోత వానల్ని తట్టుకునే ప్లాన్) సారం ఇదే. సుమారు 300 ప్రాజెక్టులు, 20 ఏళ్ళ పని. మొత్తం ఖర్చు వెయ్యి కోట్ల క్రోనర్లు దాటుతుంది, అందులో పెద్ద వాటా జనం కట్టే నీటి బిల్లుల్లోంచే వస్తుంది. ఊరి మధ్యలోనే ఉన్నా వేరే మునిసిపాలిటీ అయిన ఫ్రెడరిక్స్‌బర్గ్ కూడా ఇందులో కలిసింది. నీళ్ళకి మునిసిపాలిటీ హద్దులు పట్టవు కదా.

ప్లాన్‌లో అసలు పట్టు ఎక్కడుందంటే, రెండు అంకెల్లో. మురుగు పైపు పొంగి నేల మీదికి రావడం పదేళ్ళకోసారికి మించి జరగకూడదు. నూరేళ్ళకోసారి వచ్చే వానకైనా వీధుల్లో 10 సెం.మీ. కంటే ఎక్కువ నీళ్ళు నిలవకూడదు, నీళ్ళు నిలపడానికే ఎంచుకున్న చోట్ల తప్ప. ఈ రెండు అంకెలు రాజకీయ నాయకులు కూర్చుని ఒప్పుకున్నవి. ఎంత రిస్క్ భరిస్తాం, ఎంత డబ్బు పెడతాం అని ముందే చెప్పేశారు. ఈ పని మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. "వరద లేని నగరం" అని ఎవరూ మాటివ్వలేదు.

ఇప్పుడు చెప్పండి, "పదేళ్ళకోసారి వచ్చే వాన" అంటే ఎంత? "నూరేళ్ళకోసారి" అంటే ఎంత? ఇది చెప్పడానికి మోడల్ పనికిరాదు. రోజుకెంత పడిందో చెప్పే మామూలు వర్షపాతం లెక్కా పనికిరాదు. ఊళ్ళో పడిన చుక్క పైపులోకి చేరేది పది ఇరవై నిమిషాల్లోనే. ఆ పది నిమిషాల్లో ఎంత పడిందో తెలియాలి. అలాంటి లెక్క దశాబ్దాల పాటు తెగకుండా ఉండాలి.

డెన్మార్క్ అదృష్టం కొద్దీ ఆ రికార్డు ఉంది. 1872లో పుట్టిన ఇక్కడి వాతావరణ సంస్థ డీఎంఐ దగ్గర పాత లెక్కలు చాలానే ఉన్నాయి గానీ, నేను చెబుతున్నది వేరే నెట్‌వర్క్. మురుగునీటి ఇంజనీర్ల కమిటీ ఒకటి 1979లో పట్టణాల్లో నిమిషం నిమిషం వాన కొలిచే గేజ్‌లు పెట్టించడం మొదలెట్టింది. గేజ్‌లు కొనేది, స్థలం ఇచ్చేది ఆయా ఊళ్ళ నీటి సంస్థలు, నడిపేది డీఎంఐ. కోపెన్‌హేగన్ చుట్టుపక్కల ఇవి బాగా దగ్గర దగ్గరగా ఉంటాయి. వాతావరణ మార్పు అన్న మాట పేపర్లలో పెద్దగా కనిపించని రోజుల్లో, పైపు సైజు సరిగ్గా లెక్కగట్టాలన్న ఒక్క కారణంతో ఈ పని మొదలైంది. 2011 వచ్చేసరికి చేతిలో ముప్పై ఏళ్ళ రికార్డు సిద్ధంగా ఉంది. వాన వెలిసిన మర్నాడు పెట్టిన గేజ్ ఆ వాన గురించి ఏమీ చెప్పలేదు.

గేజ్‌ని ఒక్కసారి దగ్గర్నుంచి చూడండి. పైన గరాటు, దాని కింద రెండు చిన్న గిన్నెలున్న తూగుడుబల్ల లాంటిది. 0.2 మి.మీ. వాన నిండగానే ఒక గిన్నె వంగి నీళ్ళు ఒలకబోస్తుంది, రెండోది పైకొస్తుంది. వంగినప్పుడల్లా ఒక సిగ్నల్. అంతే. ఇంత సులువైనదే, కానీ చిక్కులు చాలా. కుండపోతలో గిన్నె వంగుతున్న ఆ క్షణంలో కూడా పైనుంచి నీళ్ళు పడుతూనే ఉంటాయి, అవి లెక్కలోకి రావు. అంటే మనకి ఏ వాన కొలత కచ్చితంగా కావాలో సరిగ్గా ఆ వానలోనే గేజ్ తక్కువ చూపిస్తుంది. దానికి ల్యాబ్‌లో వేర్వేరు ధారలతో నీళ్ళు పోసి, ఎంత ధారకి ఎంత తగ్గుతోందో చూసి సవరిస్తారు. గాలి చుక్కల్ని గరాటు పక్కకి తోసేస్తుంది. ఆకులు అడ్డం పడతాయి. చెట్టు పెరిగి పదేళ్ళ తర్వాత గేజ్‌కి మాటు అవుతుంది, రికార్డులో మాత్రం వానలు తగ్గినట్టు కనిపిస్తుంది! ఇలాంటివన్నీ ఎవరో ఒకరు ఓపిగ్గా పట్టుకుని గుర్తు పెట్టాలి. మీ సీనియర్ "ఏముంది" అన్నది దీన్నే.

ఇంకో ప్రశ్న మీకు రావాలి. నలభై చిల్లర ఏళ్ళ రికార్డుతో నూరేళ్ళ వాన సంగతి ఎలా చెబుతారు? ఒక్క గేజ్‌తో చెప్పలేరు. అందుకే దేశంలో ఉన్న గేజ్‌లన్నిటినీ కలిపి చూస్తారు. వంద గేజ్‌లు ముప్పై ఏళ్ళు నడిస్తే ఎక్కడో ఒకచోట అరుదైన వాన పడే ఉంటుంది. ఆ సమాచారాన్ని కలిపి, ఏ ప్రాంతంలో ఎలా మారుతుందో గణాంకాలతో లెక్కగడతారు. పక్కపక్క గేజ్‌లు ఒకే వానని చూసి ఉంటాయి కాబట్టి వాటిని పూర్తిగా విడివిడి సాక్ష్యాలుగా తీసుకోకూడదు, ఆ సర్దుబాటు కూడా చేయాలి. డీటీయూలో (డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయం) ఈ విషయం మీద చాలా ఏళ్ళుగా పని జరుగుతోంది. మీరు చేరబోయేది అదే అయితే మనుషులు మీకు చేతికందే దూరంలోనే ఉంటారు.

గతం సరే, భవిష్యత్తు? ఇక్కడ ఇంజనీర్లు వాడేది క్లైమేట్ ఫ్యాక్టర్, అంటే ముందు ముందు వాన ఎన్ని రెట్లు ముదురుతుందో చెప్పే గుణకం. నూరేళ్ళ ఆయుష్షున్న కట్టడం అయితే, ఇప్పటి రికార్డు ప్రకారం పదేళ్ళకోసారి వచ్చే వానని 1.3తో, నూరేళ్ళకోసారి వచ్చే వానని 1.4తో హెచ్చవేయమని 2000ల చివర్లో వచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. అరుదైన వాన ఎక్కువగా ముదురుతుందని అర్థం. వాతావరణ మోడళ్ళ పాత్ర ఇక్కడుంది, దాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ 1.4తో దేన్ని హెచ్చవేస్తున్నారో చూడండి. గేజ్ ఇచ్చిన అంకెని.

ఇప్పుడు పార్కు దగ్గరికి వద్దాం. వెస్టర్‌బ్రోలో ఎంగ్‌హేవెపార్కెన్ అని పాత పార్కు ఉంది. 2019 చివర్లో కొత్త రూపంలో తెరిచారు. 22,600 ఘనపు మీటర్ల నీళ్ళు పడతాయి. పార్కు చుట్టూ మూడు వైపులా పొట్టి గోడ, దాని మీద జనం కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు, పిల్లలు పరిగెడతారు. లోపల ఆటస్థలాన్ని లోతుగా దించారు. చిన్న వానకి నీళ్ళు భూమి కింద ఉన్న ట్యాంకులోకి పోతాయి, చెట్లకీ వీధులు కడగడానికీ వాడతారు. పెద్ద వానకి ఆటస్థలం నిండుతుంది. నూరేళ్ళ వాన వస్తే గోడ దాకా పార్కు మొత్తం నిండుతుంది. తర్వాత డ్రైనేజీలో చోటు దొరికాక మెల్లగా వదులుతారు.

లెక్క మీరే వేసుకోండి. పైపులు మోయలేక మిగిలిపోయే వాన 50 మి.మీ. అనుకుందాం. 22,600 ఘనపు మీటర్లంటే దాదాపు 45 హెక్టార్ల మీద పడిన మిగులు వాన. అదే మీ గేజ్ పదో వంతు తక్కువ చూపించిందనుకోండి. పడింది 100 అయితే మీ రికార్డులో 90 ఉంటుంది. పైపు మోసేది ఎటూ మోస్తుంది కాబట్టి ఆ 10 మి.మీ. మొత్తం మిగులులోనే కలుస్తుంది. 45 హెక్టార్ల మీద 10 మి.మీ. అంటే 4,500 ఘనపు మీటర్లు, పార్కు కెపాసిటీలో అయిదో వంతు. అంత నీరు గోడ దాటి పక్క వీధిలోని బేస్‌మెంట్లలోకి పోతుంది. అలాగని భయపడి ప్రతిదీ రెండింతలు కడితే ఆ డబ్బుతో కట్టాల్సిన మరో పార్కు ఆగిపోతుంది. కొలతలో తప్పు ఎటుపడినా ఎవరో ఒకరి ఇంటిమీద పడుతుంది.

ఇంటర్నెట్‌లో ఈ పార్కుల ఫొటోలు చూసినవాళ్ళు పచ్చదనం పెంచితే చాలు వరద ఆగుతుందనుకుంటారు. ఆ భ్రమ మీకు వద్దు. ఓస్టర్‌బ్రో అనే మరో పేటలో టోసింగే ప్లాడ్స్ 2014లో తెరిచారు, ఒకప్పుడు తారుతో కప్పి ఉన్న చిన్న చౌరస్తా. ఇప్పుడు పల్లపు తోట. దాన్ని చూడటానికి ప్రపంచం నలుమూలల నుంచి వస్తారు. బాగుంటుంది, నిజమే. కానీ దాని తెలివి మీకు కనపడని చోట ఉంది. ఇళ్ళ కప్పుల మీద పడిన శుభ్రమైన నీటిని ఒక దారిలో, రోడ్డు మీద పడిన నీటిని ఇంకో దారిలో పంపుతారు. చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్ళు మొక్కల వేళ్ళకి తగిలితే చచ్చిపోతాయి, భూగర్భజలంలో కలిస్తే తాగునీటికే ముప్పు, ఎందుకంటే డెన్మార్క్ తాగేది భూగర్భజలమే. పార్కులు పట్టలేనంత నీటిని సముద్రంలోకి పంపడానికి భూమి లోతుల్లో పెద్ద టన్నెళ్ళు కూడా తవ్వుతున్నారు. పైన తోట, కింద కాంక్రీటు, రెండూ కావాలి.

రాడార్ సంగతి కూడా అడిగారు కదా, గేజ్‌ల అవసరం అది తీర్చేయదా అని. డీఎంఐకి అయిదు వాతావరణ రాడార్లున్నాయి: రోమో, సిండల్, విరింగ్, స్టెవ్న్స్, బోర్న్‌హోమ్. వాన ఎక్కడుంది, ఎటు కదులుతోంది అన్నది రాడార్ చూపినంత బాగా గేజ్ ఎప్పటికీ చూపలేదు. 30 నిమిషాల్లో 15 మి.మీ. మించితే డీఎంఐ దాన్ని కుండపోత కింద లెక్కేస్తుంది, మునిసిపాలిటీల వారీగా పసుపు, ఆరెంజ్, ఎరుపు హెచ్చరికలు ఇస్తుంది. అందులో రాడార్‌దే పెద్ద చెయ్యి. కానీ రాడార్ వాన నీటిని కొలవదు, చుక్కల నుంచి తిరిగొచ్చిన తరంగాన్ని కొలుస్తుంది. దాన్ని మి.మీ.లోకి మార్చే సూత్రం చుక్కల సైజుని బట్టి మారుతుంది. దూరం పెరిగేకొద్దీ కిరణం నేల నుంచి పైకి పోతుంది. మధ్యలో భారీ వాన ఉంటే దాని అవతల ఉన్న వాన సన్నగా కనిపిస్తుంది. ఇవన్నీ సరిదిద్దుకునేది మళ్ళీ గేజ్‌లతోనే. రెండిటినీ కలపడం అన్నది మంచి థీసిస్ విషయం.

మరో సంగతి, ఈ దేశంలో నాకు గౌరవం కలిగించేది. ఈ సమాచారం దాచిపెట్టరు. 2019 నుంచి డీఎంఐ తన పరిశీలనల్ని దశలవారీగా అందరికీ ఉచితంగా తెరిచింది. అదే ఏడాది క్లైమేట్ అట్లస్ విడుదల చేసింది. దేశంలోని 98 మునిసిపాలిటీల్లో మీ ఊరి మీద నొక్కితే రాబోయే దశాబ్దాల్లో కుండపోతలు, వేడి, సముద్ర మట్టం ఎంత మారొచ్చో, ఎంత అనిశ్చితి ఉందో కనిపిస్తుంది. విమానం నుంచి లేజర్‌తో కొలిచిన నేల ఎత్తుల మ్యాపు కూడా ఉచితం, 40 సెం.మీ. గడులతో ఉంటుంది. దాని మీద నీళ్ళు పోసినట్టు లెక్కగట్టి ఏ ఇల్లు పల్లంలో ఉందో ఎవరైనా చూసుకోవచ్చు. చిన్న మునిసిపాలిటీలో ఇద్దరు ఇంజనీర్లే ఉన్నా, రాజధానిలో ఉన్న సమాచారమే వాళ్ళకీ ఉంటుంది.

సముద్రం గురించి క్లుప్తంగా. 1872 నవంబరులో బాల్టిక్ సముద్రం పొంగి దక్షిణ దీవుల్లో చాలామంది చనిపోయారు. లోలాండ్ దీవిలో 63 కిలోమీటర్ల గట్టు ఆ తర్వాతే కట్టారు. 2023 అక్టోబరు 20, 21 తేదీల్లో తూర్పు గాలికి అదే సముద్రం మళ్ళీ పొంగింది, దక్షిణ తీరంలో చాలా ఊళ్ళు దెబ్బతిన్నాయి. ఆ ఏడాదే డెన్మార్క్ రికార్డుల్లో అత్యధిక వర్షపాతం, దాదాపు 973 మి.మీ. ఇప్పుడు కోపెన్‌హేగన్‌కి దక్షిణం వైపు నుంచి సముద్రపు పోటే పెద్ద టెన్షన్. పార్కులు దాన్ని ఆపలేవు, అది వేరే కథ.

మీరు ఇక్కడ గది వెతుక్కునేటప్పుడు ఒక మాట గుర్తుంచుకోండి. సామాన్లు బేస్‌మెంట్‌లో పెట్టుకోమంటే, మురుగు పైపుకి నాన్-రిటర్న్ వాల్వ్ ఉందా అని అడగండి. పైపు పొంగినప్పుడు నీళ్ళు వెనక్కి రాకుండా మూసుకుపోయే వాల్వ్ అది. లైసెన్స్ ఉన్న ప్లంబరే బిగించాలి, అప్పుడప్పుడూ తీసి శుభ్రం చేయాలి. చాలా ఇళ్ళలో ఉంటుంది గానీ చూసేవాళ్ళుండరు. ఇన్సూరెన్స్ వాళ్ళు క్లెయిమ్ అప్పుడు అడిగేది దీన్నే. సర్టిఫికెట్లు, ల్యాప్‌టాప్ లాంటివి నేల మీద పెట్టకండి.

ఇవన్నీ నేర్చుకుని వెళ్ళి హైదరాబాద్‌లో చేయవచ్చా అని కూడా అడిగారు. పద్ధతి తీసుకెళ్ళండి, అంకెలు తీసుకెళ్ళకండి. ఇక్కడ కుండపోత అనే 30 నిమిషాల 15 మి.మీ. మన దగ్గర మామూలు జల్లు. 2020 అక్టోబరులో ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 32 సెం.మీ. పడింది. అంత వానకి ఇక్కడి పార్కు నమూనా సరిపోదు, మనకి ఉన్న చెరువులూ వాటిని కలిపే నాలాలూ కాపాడుకోవడమే మొదటి పని. కానీ మన దగ్గరా కొలతలున్నాయి. తెలంగాణ ప్రభుత్వానికి వెయ్యికి పైగా ఆటోమేటిక్ వెదర్ స్టేషన్లున్నాయి. తక్కువ నిమిషాల వాన రికార్డు పదేళ్ళు, ఇరవై ఏళ్ళు తెగకుండా సాగి, ఎవరో కూర్చుని అందులో తప్పుల్ని ఏరి, దాన్నుంచి నాలా సైజు లెక్కగట్టే రోజు రావాలని నాకు బలంగా ఉంది. ఆ పని తెలిసినవాళ్ళు మనలో కావాలి. మిమ్మల్ని గేజ్‌ల వైపు తోస్తున్నది అందుకే.

ఇక థీసిస్. 2011 జులై 2నే ఒక కేస్‌గా తీసుకోండి. డీఎంఐ సొంత స్టేషన్ల డేటా మీరే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. పట్టణాల్లోని నిమిషం గేజ్‌ల డేటాకి గైడ్ ద్వారా అడగండి. ముందు ఒక్కో గేజ్‌ని విడిగా ప్లాట్ చేసి, గ్రాఫ్‌లో ఎక్కడ రేఖ చదునుగా ఆగిపోయిందో చూడండి. అది వాన తెరిపివ్వడం కావచ్చు, గేజ్ మూసుకుపోవడం కావచ్చు. పక్క గేజ్‌తోనూ రాడార్‌తోనూ పోల్చి ఏదో తేల్చండి. తర్వాత ఆ సవరించిన వానని, సవరించని వానని రెండిటినీ ఒకే చిన్న డ్రైనేజీ మోడల్‌లో నడిపి, మునిగే ఇళ్ళ సంఖ్యలో ఎంత తేడా వచ్చిందో పట్టిక వేయండి. మోడలింగూ వచ్చేస్తుంది, మీ సీనియర్‌కి చూపించడానికీ ఉంటుంది. గైడ్‌కి పంపే ప్రపోజల్ ఒక పేజీ రాసి పెట్టండి, చూసి చెబుతాను.